కంబళ్ళ లెక్క

మంగళవారం మేకలకి బొచ్చు కత్తిరించాం.
గురువారం మంచు పడింది.
మధ్యలో బుధవారం ఎంత బాగుందో చెప్తే
మీరు నమ్మరు.
రాతిగోడ పక్కన పీచు చెట్లు నిండా పూశాయి,
తమ్ముడు లెరెకో చొక్కా విప్పి వాగులో దిగాడు,
నాన్న సంతకం పెట్టి బొచ్చు బస్తాలు లారీకెక్కించి
వస్తూ వస్తూ చక్కెరా, కిరసనాయిలూ,
నాకో జత రబ్బరు బూట్లూ తెచ్చాడు.

మా మొఖోట్లాంగ్ కొండల్లో
సెప్టెంబరంటే వసంతం.
ఆ మాట మబ్బుకెవరూ చెప్పినట్టు లేదు.

మధ్యాహ్నం గాలి దక్షిణం నుంచి తిరిగింది.
నానమ్మ ముక్కెగబీల్చి "ఇనుము వాసన" అంది.
రేడియో మాత్రం చిరుజల్లులంది.
దీపాలవేళకి కొండ లేదు, దొడ్డి లేదు,
గుమ్మంలో చాచిన నా చెయ్యి నాకే లేదు.

దొడ్డిలో నలభై మూడు మేకలు,
ఒంటిమీద నూలుపోగు లేకుండా.
ఎర్రటి చర్మం మీద కత్తెర గాట్లింకా మానలేదు.
మేక ఏడిస్తే పసిపిల్ల ఏడ్చినట్టే ఉంటుంది,
దాంతో అదే చిక్కు.

"లోపలికి తోలండి" అంది నానమ్మ.
"ఇంట్లోకా?" అన్నాడు నాన్న.
"కాదు, గవర్నమెంటాఫీసులోకి" అందావిడ.

మాది ఒక్కటే గుండ్రటి గది.
ఎటు నడిచినా ఎనిమిది అంగలు.
మంచం గోడకి నిలబెట్టాం,
ఒక్కోదాన్నీ చంకలో ఇరికించుకుని మోశాం.
దొడ్డికీ గుమ్మానికీ మధ్య ఎక్కడో
నా కొత్త బూటొకటి మంచు మింగేసింది.
ఇరవై తొమ్మిది పట్టాయి.
ముప్పయ్యోది నాన్న కాళ్ళ మధ్య.

ఇంకా పదమూడు.

వాటిని గోడవారన ఒకదానికొకటి ఆనించి కూచోబెట్టాం.
అప్పుడు నానమ్మ పెట్టె తెరిచింది.
లెరెకో కంబళి, నాన్నది, నాది,
మసేరులో బట్టల ఫ్యాక్టరీకి పోతూ అమ్మ వదిలేసింది,
అట్టడుగున
మొక్కజొన్న కంకుల అంచుతో తన పెళ్ళికంబళి.
"మేకలకా!" అన్నాను.
"పుసెలెట్సో, కంబళి గొర్రెది. ఐతేనేం, చుట్టాలేగా" అంది.

ఒక్కో కంబళి కింద ఇద్దరు, ముగ్గురు.
మేం భుజం దగ్గర గుచ్చుకునే పెద్ద పిన్నులతోనే
వాటి మెడకింద గుచ్చాం.
లాంతరు ఎత్తి చూస్తే
పెళ్ళిపందిట్లో ముందే వచ్చి కూచున్న ముసలమ్మల్లా ఉన్నారు.

ఆ రాత్రి గది నిండా పిడకల పొగ, ఉచ్చ, ఊపిరి.
లెరెకో ఒక పోతు పొట్టకి వీపానించి గురకపెట్టాడు.
ఏదో ఒకటి నా లెక్కల పుస్తకం
అరవై రెండో పేజీ దాకా తినేసింది.
నాన్న పడుకోలేదు.
గడ్డికప్పు మూలిగినప్పుడల్లా
తల పైకెత్తి బరువు వింటున్నాడు.

పొద్దున తలుపు రాలేదు.
గరిటతో, సత్తుపళ్ళెంతో తవ్వుకుని బయటపడ్డాం.
పీచు పూలు గాజులో బిగించినట్టు
ఒక్కటీ రాలలేదు,
ఒక్కటీ బతకలేదు.

దొడ్డిలో తొమ్మిది లేచి
కంబళ్ళతో సహా ఒళ్ళు విదిలించుకున్నాయి.
నాలుగు లేవలేదు.
అందులో రెండు పెళ్ళికంబళి కిందివే.
నేను తియ్యబోతే
"ఉండనీ కాసేపు" అంది నానమ్మ,
ఎండ కాళ్ళమీదికి వచ్చేదాకా అక్కడే నిలబడింది.

మూడోరోజు సిగ్నల్ వచ్చింది.
"అందరూ ఉన్నారా?" అంది అమ్మ ఫోన్లో.
"ముప్పై తొమ్మిది" అన్నాడు నాన్న.
"నేనడిగింది పిల్లల సంగతి!"
ఆయనకి గొంతు పెగల్లేదు, ఫోన్ నాకిచ్చాడు.

ఆదివారం చర్చికి ఆ కంబళ్ళే కప్పుకుని వెళ్ళాం,
వేరే ఏమున్నాయి గనక.
ఉతికినా, ఎండేసినా పోలేదు కంపు.
సిగ్గుతో చివరి బల్లమీద నక్కి కూచున్నాను.
పాట మొదలై అందరూ లేచి నిలబడ్డాక
ముందు వరసలోంచి, పక్క వరసలోంచి,
చేతులెత్తిన పాదిరిగారి అంగీలోంచి
అదే వాసన.